అప్పీల్లో పాప ఉండదు, కాగితం ఉంటుంది



ఈ ఎపిసోడ్ కొంచెం బరువుగా ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. పిల్లల మీద జరిగిన లైంగిక నేరాల కేసుల గురించి మాట్లాడబోతున్నాను. నేరం వివరాల్లోకి నేను వెళ్ళను. ఒక చిన్నపిల్ల కోర్టులో నిలబడి ఒక మాట చెబితే, ఆ మాటని జడ్జిలు ఏ రాళ్ళు వేసి తూచారు, ఆ రాళ్ళు 250 ఏళ్ళలో ఎలా మారాయి, అదీ ఇవాళ్టి కథ. ఇప్పుడు వినే ఓపిక లేకపోతే ఆపేసి ఇంకోరోజు వినండి, తప్పేం లేదు.

ఒక కోర్టు గదితో మొదలుపెడతాను.

రాజస్థాన్. 1986 మార్చిలో ఒక పాప మీద అత్యాచారం జరిగింది. గాయాలతో, స్పృహ లేకుండా పడి ఉన్న పాపని చూసిన ఒకాయన పోలీసులకు ఫిర్యాదు చేశాడు. కేసు కోర్టుకి వచ్చింది. పాపని సాక్ష్యం చెప్పడానికి పిలిచారు. ఏం జరిగిందమ్మా అని అడిగారు. పాప మాట్లాడలేదు. మళ్ళీ అడిగారు. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి, అంతే. ఒక్క మాట రాలేదు.

అక్కడ జడ్జి ఒక చిన్న పని చేశారు. పాప మౌనంగా ఉందని, మళ్ళీ అడిగితే ఏడ్చిందని కాగితం మీద రాయించారు. ఈ చిన్న పని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

1987లో ట్రయల్ కోర్టు డాక్టర్ సాక్ష్యం, మిగతా సాక్షుల మాటలు చూసి నిందితుడికి ఏడేళ్ళ శిక్ష వేసింది. అతను హైకోర్టుకి అప్పీలు చేసుకున్నాడు. 2013లో, అంటే 26 ఏళ్ళకి, హైకోర్టు అతన్ని నిర్దోషి అంది. పాప నిందితుడి గురించి ఏమీ చెప్పలేదు కదా అన్నది ఒక ముఖ్యమైన కారణం. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పుని కొట్టేసి, పాత శిక్షనే మళ్ళీ నిలబెట్టింది. ఆ పాప కన్నీళ్ళని ఒక కోర్టు ఒకలా చదివింది, ఇంకో కోర్టు ఇంకోలా చదివింది. ఈలోగా దాదాపు 40 ఏళ్ళు గడిచిపోయాయి.

ఎందుకిలా అవుతుంది? అది అర్థం కావాలంటే ముందు అప్పీలు అంటే ఏంటో తెలియాలి.

సినిమాల్లో చూసి మనం ఏమనుకుంటామంటే, పైకోర్టులో కూడా సాక్షులు వస్తారు, బోను ఎక్కుతారు, లాయర్లు అరుచుకుంటారు అని. మామూలుగా అలా జరగదు. అప్పీల్లో సాక్షి రాడు. కింది కోర్టులో రాసుకున్న సాక్ష్యం కాగితాలు, డాక్టర్ రిపోర్టు, పోలీసు కాగితాలు వస్తాయి. అప్పీలు జడ్జి పాప ముఖం చూడరు, గొంతు వినరు. వాళ్ళ ముందు ఉండేది కాగితం.

మరి ఆ కాగితం ఎలా తయారవుతుంది? నేను మొదటిసారి ఒక సాక్ష్యం కాగితం చదివినప్పుడు ఆశ్చర్యపోయాను. అందులో ప్రశ్నలు లేవు, జవాబులే ఉన్నాయి. సెషన్స్ కోర్టుల్లో సాక్ష్యాన్ని మామూలుగా కథలా రాయాలన్నది పద్ధతి. కావాలనుకుంటే జడ్జి ప్రశ్న, జవాబు రెండూ రాయించవచ్చు, కానీ అది ఆయన ఇష్టం. దీనివల్ల ఏమవుతుందో చూడండి. లాయరు "ఆయన నిన్ను గదిలోకి తీసుకెళ్ళాడు కదా?" అని అడిగాడనుకోండి. పాప తలూపింది. కాగితం మీద "ఆయన నన్ను గదిలోకి తీసుకెళ్ళాడు" అని పడుతుంది. ఆ మాట పాప నోట్లోంచి తనంతట తాను వచ్చిందా, లాయరు అందించాడా? పదేళ్ళ తర్వాత చదివే జడ్జికి ఎలా తెలుస్తుంది?

మన దగ్గర ఇంకో చిక్కుంది. పాప తెలుగులో చెబుతుంది, కాగితం చాలాసార్లు ఇంగ్లీషులో తయారవుతుంది. మామయ్య, బాబాయ్, పెదనాన్న, పక్కింటాయన, ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి వీళ్ళంతా 'అంకుల్' అయిపోతారు. పాపకి ఆ తేడా బాగా తెలుసు. కాగితానికి తెలియదు.

ఇది మనసులో పెట్టుకుని ఇప్పుడు వెనక్కి వెళ్దాం. మన కోర్టుల పద్ధతి ఇంగ్లాండు నుంచి వచ్చింది కాబట్టి అక్కడినుంచే.

1779. బ్రేజియర్ అనే అతని మీద కేసు. బాధితురాలికి ఏడేళ్ళు కూడా లేవు. పాప ఇంటికెళ్ళి అమ్మకి చెప్పింది. అమ్మ, ఇంకో ఆవిడ కోర్టుకొచ్చి పాప ఏం చెప్పిందో చెప్పారు. శిక్ష పడింది. కానీ అలా వినొచ్చా అన్న అనుమానం వచ్చి విషయం 12 మంది జడ్జిల ముందుకెళ్ళింది. వాళ్ళు ఏం తేల్చారంటే, ప్రమాణం చేయకుండా చెప్పిన మాట సాక్ష్యం కాదు. పిల్లకి ఇన్నేళ్ళు ఉండాలన్న లెక్క లేదు, కానీ ప్రమాణం అంటే ఏంటో, అబద్ధమాడితే ఏమవుతుందో తెలిసుండాలి. తెలియకపోతే ఆ పిల్ల మాట వినకూడదు. అమ్మకి చెప్పిన మాట అమ్మ వచ్చి చెప్పడం కూడా కుదరదు. బ్రేజియర్‌కి క్షమాభిక్ష దొరికింది.

అంటే ఆ రోజుల్లో మొదటి ప్రశ్న: ఈ పిల్లకి దేవుడంటే భయం ఉందా?

దీనికి తోడు ఇంకో పాత నీడ కూడా ఉంది. 17వ శతాబ్దంలో మాథ్యూ హేల్ అనే పెద్ద జడ్జి ఉండేవారు. అత్యాచారం ఆరోపణ చేయడం తేలిక, నిర్దోషి అయినవాడికి కూడా దాన్నుంచి బయటపడటం కష్టం, కాబట్టి జాగ్రత్త అని ఆయన రాసిపెట్టారు. ఆ పుస్తకం ఆయన పోయాక 1736లో అచ్చయింది. ఆ హెచ్చరిక తర్వాతి కాలంలో ఇంగ్లాండు కోర్టుల్లోనూ, ఇంగ్లీషు చట్టం వెళ్ళిన ప్రతి దేశంలోనూ పాతుకుపోయింది. దాంతో రెండో ప్రశ్న పుట్టింది: ఈమె మాట సరే, వేరే ఎవరైనా చూశారా? దీన్నే బలపరిచే సాక్ష్యం అంటారు.

ఒక్కసారి ఆలోచించండి. ఇలాంటి నేరం నలుగురి ముందు ఎవడు చేస్తాడు?

ఇండియాకి వద్దాం. 1872లో ఎవిడెన్స్ యాక్ట్ వచ్చింది. రాసింది జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. అందులో 118వ సెక్షన్ చదివితే మనకే ఆశ్చర్యం వేస్తుంది. ఎవరైనా సాక్ష్యం చెప్పొచ్చు. అడిగిన ప్రశ్న అర్థమై, దానికి తగ్గ జవాబు చెప్పగలిగితే చాలు. ఇంత వయసుండాలి అన్న అంకె ఎక్కడా లేదు. 134వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. ఒక విషయం రుజువు కావడానికి ఇంతమంది సాక్షులు కావాలన్న నియమం లేదు అంటుంది. 2024 జులై 1 నుంచి ఎవిడెన్స్ యాక్ట్ పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి కానీ ఈ రెండు సూత్రాలూ అలాగే ఉన్నాయి.

మరి పుస్తకంలో ఇంత చక్కగా ఉంటే కోర్టుల్లో ఎందుకు అడ్డం పడింది? ఎందుకంటే పుస్తకం మన దేశానికి రాసినా, జడ్జిల అలవాటు మాత్రం ఇంగ్లాండుదే. ఈ రెండింటికీ గొడవ తేలింది 1951 డిసెంబరులో. రామేశ్వర్ వర్సెస్ స్టేట్ ఆఫ్ రాజస్థాన్. సుప్రీంకోర్టు పుట్టి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు.

పాపకి ఎనిమిదేళ్ళు. కింది కోర్టు నిందితుడికి ఏడాది జైలు, 250 రూపాయల జరిమానా వేసింది. అప్పీల్లో సెషన్స్ జడ్జి ఏమన్నారంటే, నైతికంగా చూస్తే నేరం చేశాడని నమ్మడానికి ఈ సాక్ష్యం చాలు, కానీ చట్టం బలపరిచే సాక్ష్యం అడుగుతోంది, అది లేదు, కాబట్టి విడిచిపెడుతున్నా అన్నారు. నమ్మకం కుదిరింది, అయినా నిందితుడు ఇంటికెళ్ళాడు. తర్వాత హైకోర్టు దాన్ని తిప్పేసి శిక్ష వేసింది. అప్పుడు కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది.

అక్కడ రెండు ప్రశ్నలు. మొదటిది ప్రమాణం. ఈ పాపకి ప్రమాణం అర్థం కాదు అని ట్రయల్ జడ్జి రాసి, ప్రమాణం లేకుండానే సాక్ష్యం తీసుకున్నారు. కానీ నిజం చెప్పాలన్న సంగతి పాపకి తెలుసా లేదా అన్నది రాయలేదు. కాగితంలో ఒక వాక్యం తప్పిపోయింది. ముద్దాయి తరఫువాళ్ళు దాన్ని పట్టుకున్నారు. జస్టిస్ వివియన్ బోస్ ఆ వాదన ఒప్పుకోలేదు. ప్రమాణం లేనంత మాత్రాన సాక్ష్యం చెల్లకుండా పోదు, కాకపోతే జడ్జిలు ఆ సంగతి తప్పకుండా రాసిపెట్టాలి అన్నారు. అప్పటినుంచి మన కోర్టుల్లో జడ్జి ముందు పాపతో మాట కలుపుతారు. నీ పేరేంటి, ఏ క్లాసు చదువుతున్నావు, అబద్ధమాడొచ్చా, ఇలాంటివి. ఆ జవాబులు కాగితం మీదకి ఎక్కాలి. 1969 ఓత్స్ యాక్ట్‌లో ఇంకా స్పష్టంగా పెట్టారు. 12 ఏళ్ళలోపు పిల్లలకి నిజం చెప్పాలని తెలిసి, ప్రమాణం సంగతి తెలియకపోతే ప్రమాణం అక్కర్లేదు.

రెండో ప్రశ్న, బలపరిచే సాక్ష్యం. బోస్ చెప్పింది ఇదీ: అది తప్పనిసరి అని చట్టంలో లేదు. దాని అవసరం ఉందా లేదా అన్నది జడ్జి మనసులో ఉండాలి, జాగ్రత్త కోసం. ఈ కేసులో అసలు సాక్ష్యం ఉంది కూడా. ఏంటది? పాప ఇంటికొచ్చేసరికి అమ్మ లేదు. పాప పడుకుని నిద్రపోయింది. అమ్మ వచ్చి లేపితే జరిగింది చెప్పింది. నేరానికీ ఆ మాటకీ మధ్య దాదాపు నాలుగు గంటలు. ఆ ఆలస్యానికి కారణం ఉంది కాబట్టి, అమ్మకి చెప్పిన ఆ మాట పాప సాక్ష్యాన్ని బలపరుస్తుంది అని కోర్టు ఒప్పుకుంది. శిక్ష నిలబడింది.

1779లో అమ్మ చెవిన పడిన మాటని కోర్టు తోసేసింది. 1951లో అమ్మ చెవిన పడిన మాట మీదే కేసు నిలబడింది.

ఇక్కడితో అంతా చక్కబడిందా అంటే, లేదు. చట్టం మారినంత తొందరగా మనుషుల అనుమానాలు మారవు. 1983లో గుజరాత్ నుంచి ఒక కేసు. ఒక ప్రభుత్వోద్యోగి కూతురి కోసం వాళ్ళింటికి వెళ్ళిన పదీ పన్నెండేళ్ళ ఇద్దరు పిల్లల సాక్ష్యం. జస్టిస్ ఠక్కర్ చెప్పింది మన ఫోన్ల భాషలో చెప్పాలంటే, జ్ఞాపకం అనేది గ్యాలరీలో సేవ్ చేసిన వీడియో లాంటిది కాదు, ప్లే నొక్కితే ప్రతి సెకనూ కనబడటానికి. టైమెంత, ముందు ఎవరు వచ్చారు, ఇలాంటి చిన్న తేడాలు పట్టుకుని మొత్తం సాక్ష్యాన్ని పారేయకూడదు. మంచి మాట. కానీ అదే తీర్పులో, పాశ్చాత్య దేశాల ఆడవాళ్ళతో పోల్చి, మన దేశంలో ఆడపిల్ల పరువు పోతుందనే భయంతో ఇలాంటి అబద్ధం చెప్పదు అన్న వాదన కూడా ఉంది. నాకు అది నచ్చదు. పాప మాటని పాప మాటగా నమ్మాలి. పరువు తూకంలో వేసి కాదు.

1996 గుర్మీత్ సింగ్ కేసు ఇంకా బాధాకరం. పంజాబ్‌లో పదో తరగతి పరీక్షలు రాస్తున్న అమ్మాయి. 1984లో ఆమెని కారులో ఎత్తుకెళ్ళారు. మర్నాడు వదిలేశాక వెళ్ళి పరీక్ష రాసింది, తర్వాత ఇంటికెళ్ళి అమ్మకి చెప్పింది. ట్రయల్ కోర్టు నిందితుల్ని విడిచిపెట్టేసింది. ఎందుకో తెలుసా? అది ఫియట్ కారో, అంబాసిడరో ఆమె చెప్పలేకపోయింది. పరీక్ష దగ్గర ఫ్రెండ్స్‌కీ టీచర్లకీ ఎందుకు చెప్పలేదు అన్నది ఇంకో కారణం. సుప్రీంకోర్టు ఈ తీర్పుని కడిగేసింది. ఆమె నేరంలో భాగస్వామి కాదు, గాయపడిన సాక్షి మాటకి ఎంత విలువిస్తామో ఆమె మాటకీ అంత ఇవ్వాలి అంది. ఇలాంటి విచారణ మూసిన తలుపుల వెనక జరగాలని గట్టిగా గుర్తుచేసింది.

ఇక్కడ మీలో కొందరికి ఒక ప్రశ్న వచ్చుంటుంది. మరి అబద్ధం కేసు అయితే? ఎవరో పాపకి నేర్పించి చెప్పిస్తే?

న్యాయమైన ప్రశ్నే. దీన్ని దాటేస్తే నేను మీకు సగం కథే చెప్పినట్టు. అవతల బోనులో ఉన్నవాడు నిర్దోషి అయితే, వాడి జీవితం కూడా ఆ కాగితం మీదే వేలాడుతోంది. అమెరికాలో జరిగింది చెబుతాను. కాలిఫోర్నియాలో మెక్‌మార్టిన్ అనే నర్సరీ స్కూలు. 1983లో ఒక తల్లి ఫిర్యాదు చేసింది. పోలీసులు మిగతా తల్లిదండ్రులకి ఉత్తరాలు రాసి, మీ పిల్లల్ని అడగండి అన్నారు. తర్వాత వందల మంది పిల్లల్ని కూర్చోబెట్టి అడిగారు. ఎలా? మిగతా పిల్లలు ఆల్రెడీ చెప్పేశారు, నువ్వూ తెలివైనదానివి కదా, చెప్పు, ఈ వరసలో. పిల్లలు లేదు అంటే మళ్ళీ అడిగారు. చివరికి స్కూలు కింద సొరంగాల దాకా వెళ్ళాయి కథలు. 1990 దాకా నడిచిన ఆ కేసులో ఒక్కరికీ శిక్ష పడలేదు. ఒక నిందితుడు అప్పటికే దాదాపు ఐదేళ్ళు జైల్లో ఉన్నాడు. నిజంగా ఏ పిల్లకైనా ఏదైనా జరిగి ఉంటే, అది కూడా ఆ గోలలో కలిసిపోయింది.

తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్తలు అవే రకం ప్రశ్నలతో చిన్నపిల్లల మీద ప్రయోగాలు చేశారు. అలా అడిగితే జరగనిది జరిగిందని చెప్పే పిల్లలు బాగా పెరిగారు. ఇందులో పిల్లల తప్పేముంది? పెద్దవాళ్ళకి ఏ జవాబు కావాలో వాళ్ళు పసిగట్టేస్తారు.

మన సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెబుతూ వచ్చింది. పిల్లల మాటని నమ్మొచ్చు, అదొక్కటే ఆధారంగా శిక్ష కూడా వేయొచ్చు, కానీ ఎవరైనా నేర్పారేమో జాగ్రత్తగా చూడాలి. 2024 మార్చిలో ఒక స్కూలు టీచర్ మీద ఉన్న పోక్సో కేసులో, కింది కోర్టులు దోషి అన్నా సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. విద్యార్థిని సాక్ష్యంలో పొంతన కుదరలేదని, అదొక్కటే నమ్మి శిక్ష వేయలేమని చెప్పింది. నమ్మడం అంటే కళ్ళు మూసుకోవడం కాదు.

చూశారా, ప్రశ్న మళ్ళీ మారింది. మొదట దేవుడంటే భయం ఉందా అన్నారు. తర్వాత ఇంకెవరు చూశారు అన్నారు. ఇప్పుడు అడగాల్సిన మూడో ప్రశ్న: ఈ పిల్లని ఎవరు, ఎప్పుడు, ఎలా అడిగారు? అనుమానం పిల్ల మీద నుంచి పెద్దవాళ్ళ మీదకి జరిగింది. నా దృష్టిలో ఈ 250 ఏళ్ళలో వచ్చిన అసలు మార్పు ఇదే.

2012లో వచ్చిన పోక్సో చట్టం నిండా ఈ మూడో ప్రశ్నే కనబడుతుంది. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ వర్తిస్తుంది. పిల్ల ఇంట్లోనో, పిల్లకి నచ్చిన చోటనో వాంగ్మూలం తీసుకోవాలి. పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. పిల్ల చెప్పింది చెప్పినట్టు రాయాలి. కోర్టులో లాయరు పిల్లని నేరుగా అడగకూడదు, ప్రశ్నలు జడ్జికిస్తే జడ్జి అడుగుతారు. మధ్యలో విరామం ఇవ్వాలి. నిందితుడు పిల్లకి కనబడకూడదు. మళ్ళీ మళ్ళీ కోర్టుకి తిప్పకూడదు. 30 రోజుల్లో పిల్ల సాక్ష్యం నమోదు కావాలి, ఏడాదిలో వీలైనంతవరకు కేసు ముగియాలి. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం, 2018లో అక్కడ వచ్చిన పిల్లల కోర్టు ఈ ఆలోచనలోంచి పుట్టినవే. పిల్లని పోలీస్ స్టేషన్‌కి, ఆస్పత్రికి, కోర్టుకి విడివిడిగా తిప్పకుండా ఒకేచోట అన్నీ చూడాలన్నది ఉద్దేశం.

పోక్సోలో నేరం చేశాడనే ముందు అనుకోవాలి అన్న 29వ సెక్షన్ కూడా ఉంది. దాన్ని చూసి, ఇక రుజువే అక్కర్లేదు అనుకోకండి. అసలు పునాది విషయాలు ముందు ప్రభుత్వమే రుజువు చేయాలని కోర్టులు చెబుతూ వస్తున్నాయి.

ఇప్పుడు మళ్ళీ రాజస్థాన్ పాప దగ్గరికి వెళ్దాం. 2025లో సుప్రీంకోర్టు ఏమందంటే, పిల్ల మౌనాన్ని పెద్దవాళ్ళ మౌనంతో సమానంగా చూడకూడదు. అది భయం, అది గాయం. ఆ కన్నీళ్ళు ముద్దాయికి లాభం కాకూడదు. అలాగని కన్నీళ్ళని చూసే శిక్ష వేయలేదు. డాక్టర్ సాక్ష్యం, మిగతా సాక్షుల మాటలు కలిపి చూస్తే నేరం రుజువైంది అంది. హైకోర్టు తన తీర్పులో పాప పేరు రాయడాన్ని కూడా తప్పుపట్టింది.

కానీ ఆ కన్నీళ్ళ సంగతి 2025లో ఆ జడ్జిలకి ఎలా తెలిసింది? ట్రయల్ కోర్టులో ఆ జడ్జి రాయించారు కాబట్టి. "సాక్షి జవాబు చెప్పలేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేసి ఉంటే, దాదాపు 40 ఏళ్ళ తర్వాత ఆ ఏడుపు ఎవరికీ వినబడేది కాదు.

చివరిగా ఒక్క మాట. ఈ కథలో అందరికంటే ముందు వచ్చే మనిషి జడ్జి కాదు, పోలీసు కాదు. నిద్రలోంచి లేచి పాప చెబుతుంటే విన్న ఆ అమ్మ. రేపు మీ చెల్లి, మీ ఎదురింటి బాబు, మీ దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్ల మీకే మొదట చెప్పొచ్చు. అప్పుడు కంగారుపడి పేర్లు అందించకండి. "ఫలానా వాడేనా?" అనకండి. "ఏమైంది?" అని అడిగి, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే వినండి. ఏడిస్తే ఏడవనివ్వండి. వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం, పేరు బయటపెట్టడం నేరం. తెలిశాక పోలీసులకి చెప్పకపోవడం కూడా పోక్సో ప్రకారం నేరమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098, ఎప్పుడైనా చేయొచ్చు.

ఎన్నో ఏళ్ళ తర్వాత, ఆ పిల్ల ముఖం ఎప్పుడూ చూడని ఒక జడ్జి ఒక కాగితం తెరుస్తారు. అందులో మీరు విన్న మాట ఉంటుంది. ఆ మాట ఆ పిల్లదే అయ్యుండాలి.

ఉంటాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.